గడీల యాత్రలు, వెట్టి బతుకులు

మన కళాశాలల్లో ఇటీవల ‘వారసత్వ యాత్ర’ అనే మాట బాగా వాడుకలోకి వచ్చింది. ఏడాదికొకసారి విద్యార్థులను బస్సెక్కించి, ఒక కోటో, ఒక గడీయో, ఒక సమాధో చూపించి, నోటు పుస్తకాల్లో నాలుగు ముక్కలు రాయించి, చీకటి పడేలోగా తిరిగి తీసుకురావడం దీని స్వరూపం. యాత్రలంటే నాకు విరోధం లేదు. నాలుగు గోడల మధ్య చెప్పిన చరిత్ర కన్నా, నడిచి చూసిన నేల మీద విన్న చరిత్ర మనసుకు పడుతుందని తెలుగు పాఠం చెప్పుకుని బతికే నాబోటివాడికి తెలియనిది కాదు. నా తగాదా అంతా ఆ యాత్రల్లో చెప్పే కథతోనే. గోడ ఎవరు కట్టించారో చెబుతారు గాని, రాళ్ళు ఎవరు మోశారో చెప్పరు. మోసినవాళ్ళకు కూలి ముట్టిందా అన్న ప్రశ్న అసలు పుట్టనే పుట్టదు.

దాస్యం సాగిన చోటును దొర ఇంటి శిల్పంగా చూపించడం, విముక్తిని పైవాళ్ళు దయదలచి ఇచ్చిన వరంగా చెప్పడం, ఆ దాస్యం ఇక లేదని నమ్మించడం, ఈ మూడూ ఒకే అబద్ధానికి మూడు ముఖాలని నా వాదం. ఈ వ్యాసంలో ఆ మూడింటినీ వరసగా విప్పి చూపడానికి ప్రయత్నిస్తాను.

ఇందుకు దూరం పోనక్కరలేదు. మా పేట సంగతే చూడండి. మలక్‌పేట దాటి ఎల్.బి. నగర్ దాకా పోయే మెట్రో రైలు 2018 సెప్టెంబరులో మొదలయింది. ఆ దారిలో వచ్చే స్టేషన్ల పేర్లు ఒకసారి చదవండి. మూసారాంబాగ్: నిజాం కొలువులో దండు నడిపి 1798లో చనిపోయిన ఫ్రెంచి సేనాని రేమండ్ పేరు జనం నోట నలిగి మూసారాం అయింది. ఆయన సమాధి, దాని దగ్గరి రాతి స్తంభం అస్మాన్‌గఢ్ గుట్ట మీద ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. దిల్‌సుఖ్‌నగర్: దిల్‌సుఖ్‌రాం ప్రసాద్ అనే భూస్వామి తన పొలాలను ఇళ్ళ స్థలాలు చేయగా వచ్చిన పేరని చెబుతారు. విక్టోరియా మెమోరియల్: ఆరవ నిజాం హయాంలో బ్రిటిషు రాణి జ్ఞాపకార్థం వెలసిన అనాథాశ్రమం. మూడు నాలుగు మైళ్ళ లోపల ఒక కిరాయి సేనాని, ఒక భూస్వామి, ఒక మహారాణి! ఆ పొలాలు దున్నినవాళ్ళ పేరుగాని, ఆ దండుకు గడ్డి మోసినవాళ్ళ పేరుగాని ఏ స్టేషనుకూ లేదు. ఇంకొంచెం ఉత్తరంగా ఉప్పల్ వైపు పోతే హబ్షిగూడ ఉంది. హబ్షీ అంటే అబిసీనియా మనిషి. ఆఫ్రికా నుంచి బానిసలుగా, అంగరక్షకులుగా దక్కనుకు చేరిన మనుషుల జాడ ఆ ఒక్క మాటలో మిగిలింది. రోజూ ఆ పేరు చెప్పి ఆటో మాట్లాడుకునేవాళ్ళలో ఆ జాడ ఎందరికి తెలుసు?

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. ఇదే దారిలో పడమటికి పోతే కోఠీలో బ్రిటిషు రెసిడెంటు నివసించిన భవనం ఉంది. చాలాకాలం మహిళా కళాశాలగా నడిచిన ఆ ప్రాంగణంలోని విశ్వవిద్యాలయానికి 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. తెల్లదొర దర్బారు చేసిన చోట పాలకుర్తి చాకలి స్త్రీ పేరు నిలవడం చిన్న సంగతి కాదు. కాని పేరు పెట్టడంతో పని సగమే అవుతుంది. ఐలమ్మ ఏ బరువును ఎత్తి అవతల పడేసిందో ఆ బోర్డు కింద నడిచే అమ్మాయికి చెప్పకపోతే, రేమండు మూసారాం అయినట్లే ఐలమ్మ కూడా ఒక బస్టాపు అయి కూచుంటుంది.

ఆ బరువు పేరు వెట్టి. నిజాం రాజ్యంలోని తెలంగాణా పల్లెల్లో అదెలా నడిచిందో 1972లో వెలువడిన పుచ్చలపల్లి సుందరయ్య గ్రంథంలో వివరంగా ఉంది. ఆ బతుకు బతికిన ముసలివాళ్ళ నోటా మనలో చాలామంది విన్నదే. ప్రతి కులానికీ ఒక వంతు. చాకలి దొర ఇంటి బట్టలు ఉతకాలి. కుమ్మరి కుండలు ఇవ్వాలి. గౌండ్ల కల్లు పోయాలి. గొల్ల గొర్రెను తోలివ్వాలి. మాదిగ చెప్పులు కుట్టాలి, కబురు మోయాలి, చచ్చిన పశువును లాగాలి. బోయీలు మేనా మోయాలి. అధికారి ఊళ్ళోకి దిగితే అతని పరివారానికి వంటచెరకు, కోళ్ళు, మంచాలు ఊరే సమకూర్చాలి. మాల మాదిగ వాడల్లో ఇంటికొక మనిషి పొద్దున్నే గడీ ముందు నిలబడాలి. తన చేను ఎండినా సరే, దొర చేనుకు నీళ్ళు పెట్టిన తరువాతనే తన చేనుకు పోవాలి. దీనికి కూలి లేదు. కాదనడానికి నోరు లేదు. నోరు తెరిస్తే వచ్చే మాట ఒక్కటే: నీ బాంచెను, కాల్మొక్త. బాంచె అంటే బానిస. మనిషి తన్ను తాను బానిసనని చెప్పుకుంటే తప్ప వాక్యం మొదలుకాని చోట దాస్యాన్ని గురించి వేరే సాక్ష్యం ఏం కావాలి?

ఇక్కడొక ప్రశ్న ఉదయిస్తుంది. మనవాళ్ళలో కొందరు విజ్ఞులు వెట్టిని బానిసత్వం అనడం అతిశయోక్తి అంటారు. వెట్టివాణ్ణి సంతలో నిలబెట్టి అమ్మలేదు, మెడకు ఇనుప పట్టా వేయలేదు, ఓడ అడుగున పేర్చలేదు, కనుక అది ఊరి కట్టుబాటే గాని బానిసత్వం కాదని వారి తర్కం. భేదం ఉన్నమాట నిజమే. కాని ఆడబాప సంగతి ఏమంటారు? దొర కూతురు అత్తవారింటికి పోతుంటే చీరె సారెతోపాటు ఒక పేదపిల్లను కూడా పంపేవారు. ఆమె చాకిరికీ శరీరానికీ కూడా ఆ ఇంటివాళ్ళే యజమానులు. మనిషిని వస్తువుతోపాటు పంపడమే బానిసత్వం కాకపోతే మరేమిటి? దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’ చదివినవారికి ఆ పిల్లల బతుకు తెలియనిది కాదు. ఇక జీతం. తండ్రి చేసిన అప్పుకు కొడుకు జీతగాడుగా పోయేవాడు. నాగువడ్డీ కింద తెచ్చిన గింజలు ఏటికేడు పెరిగేవి, అప్పు తీరేది కాదు. ఈ భగేలా ఒప్పందాలను అదుపు చేయడానికి నిజాం ప్రభుత్వమే 1936లో ఒక చట్టం చేయవలసి వచ్చింది. లేని జబ్బుకు మందు ఎవరూ నూరరు. ఆ మందు గ్రామం దాకా చేరలేదన్నది వేరే సంగతి. చట్టాన్ని అమలు చేయవలసిన పటేలూ పట్వారీ దొర మనుషులే. ఎన్నోచోట్ల దొరే పటేలు, దొరే పట్వారీ.

గడీ అంటే ఇదంతా నడిచిన కార్ఖానా. దాన్ని ఇల్లు అని మాత్రమే చూసేవాడికి నగిషీ స్తంభాలు కనిపిస్తాయి. కార్ఖానాగా చూసేవాడికి ముందు వాకిలి కనిపిస్తుంది. ఎండలో ఒంటికాలి మీద నిలబెట్టిన చోటు, బందెలదొడ్డి, ధాన్యపు కొట్లు, చెప్పులు విడిచి చేత పట్టుకోవలసిన హద్దు కనిపిస్తాయి. గత సంవత్సరం మా తరగతి పిల్లలు నలభైమందితో అలాంటి ఒక గడీకి పోయాము. ఆ ఊరి పేరుతో ఇప్పుడు పని లేదు. దాన్ని చూపించిన ఆయన కలప ఏ అడవినుంచి వచ్చిందో చెప్పాడు, సున్నంలో ఏమేమి కలిపారో చెప్పాడు, పెళ్ళి ఫొటోలు తీసుకునేవాళ్ళు ఏ మెట్లమీద నిలబడతారో కూడా చెప్పాడు. ముప్పావుగంట సాగిన ఆ ప్రసంగంలో వెట్టి అనే మాట ఒక్కసారి వినబడలేదు. చివర మా పిల్లల్లో ఒకడు లేచి, “ఇంత పెద్ద ఇల్లు ఊడవడానికి ఎంతమంది ఉండేవారండీ?” అని అడిగాడు. వాడు అమాయకంగా అడిగిన ఆ ప్రశ్నలోనే చరిత్రకారుడు అడగవలసిన ప్రశ్న ఉంది. జవాబు రాలేదు.

దీనికి సమర్థింపుగా రెండు మాటలు వినిపిస్తాయి. మొదటిది: కట్టడం అందరిదీ, పాత పగలు తవ్వడమెందుకు? 2022లో దోమకొండ కోట పునరుద్ధరణకు యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో గుర్తింపు వచ్చింది. కూలిపోయే గోడను శాస్త్రీయంగా నిలబెట్టడం మంచి పనే. గడీలను పడగొట్టాలనేవాళ్ళలో నేను లేను. గడీ కూలితే దొర కీర్తి ఒక్కటే కూలదు, వెట్టివాడి సాక్ష్యం కూడా కూలుతుంది. నిలబెట్టండి. కాని నిలబెట్టిన గోడ చేత పూర్తిగా మాట్లాడించండి. కట్టడం అందరిదీ అయితే అందులో అందరి కథా ఉండాలి గదా! దొర వంశవృక్షం ఒక్కటే వేలాడదీసి అందరిదీ అనడం, పంచిపెట్టకుండానే పంపకం అయిందనడం వంటిది.

రెండవ మాట: దొరలు చెరువులు తవ్వించారు, పండితులను పోషించారు, సంగీతం విన్నారు. చెరువు తవ్వించింది దొర అయితే తవ్వింది ఎవరు? పండితుడికి ఇచ్చిన ధాన్యం ఏ చేలో పండింది? విసునూరు దేశముఖు కింద 40,000 ఎకరాలు, సూర్యాపేట జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కింద లక్షా యాభై వేల ఎకరాలు ఉండేవని సుందరయ్య లెక్క రాశారు. ఇంత భూమిని ఒక మనిషి అరక పట్టి సంపాదించలేడు. దోచుకున్న గంపలోనుంచి తీసి ఇచ్చిన పిడికెడును దానమని పొగడడానికి ఆస్థాన కవి ఒకడు చాలు. దానికి విశ్వవిద్యాలయం పట్టాలు అక్కరలేదు.

ఇక రెండవ ముఖానికి వద్దాం. విముక్తి ఎవరిచ్చారు? ఇక్కడ ఒక దూరదేశపు ఉదాహరణ మనకు అద్దం పడుతుంది. కరీబియన్ ప్రాంతంలో బార్బడోస్ అని ఒక చిన్న దీవి ఉంది. మన రంగారెడ్డి జిల్లాలో పదోవంతుకు మించదు. ఆఫ్రికానుంచి తెచ్చిన బానిసల చేత ఇంగ్లీషు తోటదొరలు అక్కడ చెరకు పండించారు. ఇవాళ ఆ దీవికి పోయే యాత్రికులకు రెండు దారులున్నాయి. ఒక దారి తోటదొరల మేడలు, తోటలు, కుర్చీలు, పింగాణీ చూపిస్తుంది. రెండవ దారి న్యూటన్ తోటలో ఉన్న ఒక గడ్డిబీటికి తీసుకుపోతుంది. అక్కడ సమాధిరాయి అన్నది లేదు. 570 మంది దాకా బానిసలను పూడ్చిన నేల అదని పురావస్తు పరిశోధకులు తేల్చారు. ఆ దారే ఒక పెద్ద కూడలికి కూడా పోతుంది. తెగిన సంకెళ్ళతో చేతులెత్తి నిలిచిన బానిస విగ్రహం అక్కడ ఉంది. 1985లో నిలిపిన ఆ విగ్రహాన్ని, 1816లో తిరుగుబాటు చేసిన బుస్సా పేరుతో జనం పిలుస్తారు. ఆ దీవిలోనూ ఈ రెండు దారుల మధ్య తగాదా ఉన్నది. మన దగ్గర రెండవ దారే ఇంకా సరిగా పడలేదు.

అద్దంలో అసలు చూడవలసినది ఇంకొకటి ఉంది. బ్రిటిషు పార్లమెంటు 1833లో బానిసత్వాన్ని రద్దు చేస్తూ చట్టం చేసింది. 1834 ఆగస్టు 1న అది అమలులోకి వచ్చింది. పరిహారంగా 2 కోట్ల పౌన్లు కేటాయించారు. ఎవరికి? బానిసలకు అనుకుంటే పొరబాటు. ఆస్తి పోగొట్టుకున్నందుకు యజమానులకు! అందుకోసం చేసిన అప్పు తాలూకు బాకీ 2015 దాకా బ్రిటిషు ఖజానా తీరుస్తూ వచ్చింది. బానిసకు మాత్రం దమ్మిడీ లేదు. పైగా ‘అప్రెంటిసు’ అనే కొత్త పేరుతో 1838 దాకా అదే యజమాని కింద ఊరికే చాకిరీ చేయవలసి వచ్చింది. ఆ తరువాత తోటలకు మనుషులు చాలక ఒప్పందపు కూలీలను మన దేశంనుంచి ఓడలెక్కించారు. కోరంగి రేవునుంచి పోయిన తెలుగువాళ్ళకు మారిషస్‌లో కోరంగీలనే పేరే స్థిరపడింది. దాస్యం చచ్చిపోలేదు, కొత్త కాగితం మీద వేలిముద్ర వేయించుకుంది.

ఇప్పుడు మన సంగతి. 1949 ఆగస్టులో హైదరాబాదు రాజ్యంలో జాగీర్లు రద్దయ్యాయి. వాటికి బదులుగా జాగీర్దార్లకు సొమ్ము చెల్లించడానికి మరుసటి సంవత్సరం వేరే నిబంధనలు వచ్చాయి. నిజాముకు ఏటా 50 లక్షల రాజభరణం కట్టబెట్టారు. 1950 జనవరినుంచి 1956 దాకా ఆయనే రాజప్రముఖుడు. తరతరాలుగా కూలి లేకుండా చాకిరీ చేసిన చాకలికి, మాదిగకు, ఆడబాపకు ఎంత పరిహారం ముట్టింది? సున్న. లండనులో 1833లో జరిగిన లెక్కే హైదరాబాదులో 1949లో జరిగింది. దొంగసొత్తు వదిలిపెట్టినందుకు దొంగకు బహుమానం, సొత్తు పోగొట్టుకున్నవాడికి నీతిబోధ!

పైగా ఆ విడుదల కూడా దానంతటది రాలేదు. 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపుగా సాగిన సంఘం మనుషుల మీద విసునూరు దేశముఖు మనుషులు తుపాకులు పేల్చారు. దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. పాలకుర్తిలో ఐలమ్మ పండించిన పంటను కాజేయడానికి వచ్చిన అదే దేశముఖు గుంపును సంఘం వాలంటీర్లు తరిమికొట్టి ధాన్యం ఆమె ఇంటికి చేర్చారు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో బురుజెక్కి ఊరిని కాపాడుకున్న రైతుబిడ్డలను రజాకార్లు, నిజాం సైన్యం ఊచకోత కోశారు. అప్పటికి పోలీసు చర్య ఇంకా రెండు వారాలకు పైగా దూరంలో ఉంది. సంఘం జెండా నిలిచిన ఊళ్ళలో వెట్టి ఆగిపోయింది ఏ గెజెట్టు వల్లా కాదు. పొద్దున్నే గడీ ముందు నిలబడవలసిన మనిషి నిలబడకపోవడం వల్ల ఆగింది. వెట్టి పోయిందని చెప్పడానికి తేదీ కావాలంటే ప్రతి ఊరికీ ఒక తేదీ ఉంటుంది.

అందుకే ఏటా సెప్టెంబరు 17 వస్తే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి. 2022లో కేంద్రం దాన్ని విమోచన దినమంది, రాష్ట్రం సమైక్యతా దినమంది. 2024లో ప్రజాపాలన దినోత్సవమయింది. మూడు పేర్లకోసం మూడు జెండాలు కొట్టుకుంటాయి. ఆ గొడవలో ‘వెట్టి’ అనే రెండక్షరాలు వినబడవు. కొందరికి అది ఒక మతంమీద ఇంకొక మతం సాధించిన జయం. గడీలో కూర్చున్న దొర ఏ దేవుణ్ణి కొలిచేవాడో వాళ్ళను అడగకూడదు. విసునూరు దేశముఖు పేరు రామచంద్రారెడ్డి. నవాబుకు కప్పం కట్టి, రజాకారుకు ఆశ్రయమిచ్చి, పోలీసు చర్య కాగానే ఖద్దరు టోపీ పెట్టుకుని ఊళ్ళోకి తిరిగి వచ్చిన దొరలను జనం చూశారు. రైతులు పంచుకున్న భూములమీదికి వాళ్ళు మళ్ళీ రాబట్టే పోరాటం 1951 అక్టోబరు దాకా ఆగలేదు. ఆ మూడేళ్ళ సంగతి చెప్పకుండా విమోచన గురించి ఉపన్యసించేవాడు సగం పుస్తకం చింపి మిగతాది చదువుతున్నాడు.

మన వైపు వాళ్ళకూ ఒక మాట చెప్పక తప్పదు. మనం స్థూపాలు కట్టాము. ఏటా పూలదండలు వేస్తున్నాము. మంచిదే. కాని స్థూపం మీద పోరాడి చనిపోయినవాళ్ళ పేర్లు చెక్కుతాము గాని, బతికినన్నాళ్ళూ వెట్టి మోసినవాళ్ళ జీవితం రాయము. ఆడబాపల పేర్లు ఏ రాతిమీదా లేవు. నాయకుల ఆత్మకథలు అచ్చయ్యాయి. గడీ వాకిలి ఊడ్చిన మనిషి కథ ఎందరు రాశారు? వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ 1955లో ఆ దిక్కు చూసింది. ఆయన స్వయంగా ఇళ్ళల్లో పనిచేసి, వండిపెట్టి చదువుకున్నవాడు గనుక ఆయనకా చూపు వచ్చింది. ఆ చూపును మన పరిశోధనల్లో ఎంతవరకు నిలుపుకున్నామని తెలుగు శాఖలవాళ్ళం ప్రశ్నించుకోవలసి ఉంది.

ఇక మూడవ ముఖం. దాస్యం గతించిన సంగతి అనుకుంటేనే యాత్ర హాయిగా సాగుతుంది. కనుకనే మన యాత్రలు ఎల్.బి. నగర్ చౌరస్తానుంచి కదిలేటప్పుడు బస్సు కిటికీలోంచి బయటికి చూడవు. చూస్తే చౌరస్తా దగ్గర అడ్డామీద తట్టా పారా పట్టుకుని నిలబడినవాళ్ళు కనిపిస్తారు. పాలమూరునుంచి, నల్లగొండనుంచి, ఒడిశానుంచి వచ్చినవాళ్ళు. మేస్త్రీ వచ్చి భుజాలు చూసి ఎంచుకుపోతాడు. ఎండ ముదిరాక మిగిలినవాళ్ళు చెప్పిన కూలికే పోతారు. నగరం దాటితే ఇటుక బట్టీలు. ఒడిశాలోని బలాంగీర్, నువాపడా ప్రాంతాలనుంచి కుటుంబాలకు కుటుంబాలు అడ్వాన్సు తీసుకుని చలికాలంలో దిగి, వానలు పడేదాకా అక్కడే ఉంటాయి. లెక్క ఇటుకల మీద, పుస్తకం యజమాని చేతిలో. పిల్లలు కూడా మట్టి పిసుకుతారు. అప్పు తీరేదాకా కదలడానికి లేదు. నాగువడ్డీకి అడ్వాన్సు అని పేరు మారింది. గడీ గోడకు బదులు రేకుల గుడిసె వచ్చింది.

ఇది నేను ఆవేశంతో అంటున్న మాట కాదు, చట్టం చెప్పిన మాటే. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1976లో కట్టుబానిస విధానం రద్దు చట్టం వచ్చింది. 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు ఇంకొక అడుగు ముందుకు వేసింది: కనీస వేతనానికి తక్కువగా ఒక మనిషి పనిచేస్తున్నాడంటే ఆకలి అతణ్ణి తోస్తున్నదే, కనుక అదీ బలవంతపు చాకిరీయే అని. ఈ కొలత పట్టుకుని చౌరస్తాలో నిలబడి లెక్కపెట్టండి, వెట్టి ఏ సంవత్సరంలో అంతమయిందో అప్పుడు చెప్పండి. పరిహారం సంగతీ చూడండి. విడుదలయిన కట్టుబానిసకు పునరావాసం కింద పురుషుడికి లక్ష రూపాయలు, స్త్రీకీ పిల్లలకూ రెండు లక్షలు ఇవ్వాలని 2016 పథకం చెప్పింది. కాని తక్షణ సాయం పోగా మిగతా సొమ్మును యజమాని నేరం రుజువు కావడంతో ముడిపెట్టింది. 1833లో తోటదొర గాని, 1949లో జాగీర్దారు గాని పరిహారం పుచ్చుకోవడానికి ఎవరి నేరమూ రుజువు చేయనక్కరలేకపోయింది. చాకిరీ చేసినవాడికి మాత్రం కోర్టు మెట్లు అరగాలి.

అయినా విముక్తి అనేది ఈ కాలంలోనూ పైనుంచి రాలేదనడానికి ఎల్.బి. నగర్ నుంచి సాగరు రోడ్డున పోతే వచ్చే ఇబ్రహీంపట్నమే సాక్షి. 1980లలో అక్కడ వ్యవసాయ కూలీల సంఘం లేచింది. గీతా రామస్వామి, స్థానిక దళిత కార్యకర్తలు ఊరూరా తిరిగారు. 1976 చట్టం కాగితం మీద నిద్రపోతుంటే జీతగాళ్ళే దాన్ని తట్టి లేపారు. దరఖాస్తులు పెట్టారు, దెబ్బలు తిన్నారు, కేసులు మోశారు, జీతాల్లోంచి బయటపడ్డారు, భూములకోసం నిలబడ్డారు. మా కళాశాలనుంచి అక్కడికి గంట ప్రయాణం. ఏ వారసత్వ యాత్రా ఆ దారిన పోదు. అక్కడ చూడడానికి నగిషీ స్తంభాలు లేవు మరి! మనుషులు మాత్రమే ఉన్నారు.

కనుక ఉపాధ్యాయ మిత్రులకూ విద్యార్థులకూ నా ప్రతిపాదన ఇది. యాత్రలు మానవద్దు, యాత్రల దారి మార్చండి. ఎల్.బి. నగర్‌లో బయలుదేరే బస్సు ముందు అడ్డా దగ్గర అరగంట ఆగాలి. అక్కడినుంచి భువనగిరి మీదుగా జనగామ జిల్లాకు పోయి, కడవెండి, విసునూరు, పాలకుర్తి చూడాలి. అవతల బైరాన్‌పల్లి బురుజు చూడాలి. వేరొక రోజు ఇబ్రహీంపట్నం పోవాలి. పోయేముందు ఒక ప్రశ్నావళి తయారు చేసుకోవాలి: ఈ ఊళ్ళో ఏ ఇంటికి ఏ వెట్టి వంతు? అది ఏ రోజున ఆగింది, ఎవరు మొదట పోనన్నారు? దొర భూమి ఇవాళ ఎవరి పట్టాలో ఉంది? ఆడబాపగా వచ్చిన స్త్రీ ఎవరు, ఆమె సంతానం ఎక్కడ? ఆ రోజులు కళ్ళారా చూసినవాళ్ళు తొంభైలు దాటి కొద్దిమందే మిగిలారు. తల్లులూ తాతలూ చెప్పగా విన్నవాళ్ళు ఇంకా ఉన్నారు. ఈ పదేళ్ళలో రాసుకోకపోతే ఆ మాటలు మట్టిలో కలిసిపోతాయి.

ప్రభుత్వాన్ని అడగవలసినదీ ఉంది. ప్రజాధనంతో బాగుచేసే ప్రతి గడీ వాకిట్లో ఆ గడీకి ఏయే కులాలు ఏయే వెట్టి చేశాయో తెలిపే పలక ఉండాలి. జాగీర్దార్లకు, సంస్థానాధీశులకు చెల్లించిన పరిహారం లెక్క అదే పలకమీద, అంకెల్లో, అందరూ చదివే తెలుగులో ఉండాలి. ఆ లెక్క దాచవలసినది కాకపోతే రాయడానికి అభ్యంతరమేమిటి? కట్టుబానిసల పునరావాసపు సొమ్మును నేర నిరూపణతో ముడిపెట్టే నిబంధన పోవాలి.

ఇవన్నీ జరిగేదాకా ఎదురుచూడనక్కరలేని పని ఒకటుంది. మనం ఎక్కడికి పోయినా, ఏ గోడముందు నిలబడినా, చూపించేవాడు ఎంత తియ్యగా చెప్పినా, మా విద్యార్థి అడిగిన ప్రశ్న అడగాలి. ఈ ఇల్లు ఊడ్చిందెవరు? వాళ్ళకు ఏమిచ్చారు? జవాబు వచ్చేదాకా అక్కడినుంచి కదలకూడదు. కదలకుండా నిలబడడం ఎంత పని చేస్తుందో కడవెండి, పాలకుర్తి మనకు ఎప్పుడో చెప్పి ఉన్నాయి.